అడగని ప్రశ్నకు దొరకని గౌరవం

“అమ్మా, ఆ కార్డు ఇచ్చేటప్పుడు నీ గొంతు ఎందుకు తగ్గిపోతుంది?” అని మా అబ్బాయి క్లినిక్ బయటకు రాగానే అడిగాడు. తగ్గలేదన్నాను. “తగ్గింది. ఏదో తప్పు చేసినట్టు మాట్లాడావు” అన్నాడు. వాడికి పదకొండేళ్లు, చెప్పిన మాట చెవిన పెట్టడు గాని, తల్లి గొంతులో తేడాను మాత్రం ఇట్టే పట్టేస్తాడు.

మావారి ఉద్యోగం పోయాక పిల్లల ఆరోగ్య బీమా, ఇక్కడ అమెరికాలో తక్కువ ఆదాయమున్నవారికి ప్రభుత్వమిచ్చే మెడికెయిడ్‌కు మారింది. గ్రీన్‌కార్డు ఉన్నవారు సైతం ఐదేళ్లు ఆగాలని 1996 నాటి చట్టం అంటుంది. పిల్లల విషయంలో ఆ నిరీక్షణను ఎత్తివేసుకునే వీలును 2009లో రాష్ట్రాలకు ఇచ్చారు, మా రాష్ట్రం దాన్ని వాడుకుంది కాబట్టి మాకు అది దక్కింది. ఈ సంగతి ఇక్కడి తెలుగు స్నేహితులెవరికీ చెప్పలేదు. దేశంలోని ప్రతి పది మంది పిల్లల్లో దాదాపు నలుగురు ఇలాంటి ప్రభుత్వ బీమాలోనే ఉన్నారని తెలిసి కూడా చెప్పలేదు. మనిషిని సంపాదనతో కొలవకూడదని ఇంట్లో పిల్లలకు చెప్పే నేనే, పాత బీమా ఉన్న రోజుల్లో ఎవరూ అడగకపోయినా మావారి కంపెనీ పేరును డాక్టరు దగ్గర మాటల్లో దొర్లించేదాన్ని. అది విన్నాక ఎదుటివారు కాస్త నిదానించి మాట్లాడుతున్నట్టు నాకు తోచేది. నిజంగా నిదానించేవారో, నాకే అలా అనిపించేదో ఇప్పుడు తేల్చుకోలేను.

ఇది కేవలం నా అనుమానమే అయితే బాగుండును. ఇక్కడి ఫెడరల్ ప్రభుత్వం 1996లో మొదలుపెట్టిన వైద్య ఖర్చుల సర్వే, పిల్లల తల్లిదండ్రులను నాలుగు సంగతులు అడుగుతుంది: డాక్టరు శ్రద్ధగా విన్నారా, అర్థమయ్యేలా వివరించారా, మీరు చెప్పినదానికి గౌరవం ఇచ్చారా, తగినంత సమయం కేటాయించారా. ఈ విషయాల్లో లోటు జరిగిందని చెప్పేవారు బాగా ఆదాయమున్న కుటుంబాల్లో కంటే పేద కుటుంబాల్లోనే ఎక్కువగా కనిపిస్తూ వచ్చారు. మెడికెయిడ్ డాక్టర్లకు చెల్లించేది సాధారణంగా ప్రైవేటు బీమా కంటే తక్కువ. అందువల్ల కొందరు ఆ కార్డున్న కొత్త రోగులను తీసుకోరు. చిత్రమేమిటంటే, 21 ఏళ్లలోపు వారికి పరీక్షలూ, వాటిలో బయటపడిన జబ్బులకు చికిత్సా అందించాలన్న నియమం 1967 నుంచి మెడికెయిడ్‌లోనే ఉంది. కాగితం మీద చూస్తే మా పాత బీమా కంటే ఇదే ఉదారమైనది.

ఇక ఆ రోజు సంగతి. వాడికి ఉబ్బసం. మునుపటి డాక్టరు ప్రతిసారీ ఇన్‌హేలర్‌ను స్పేసర్‌కు (మందు సరిగా లోపలికి వెళ్లేందుకు వాడే గొట్టానికి) తగిలించి వాడి చేతికిచ్చి, “నాకు చూపించు” అనేవారు. పెదవుల మూల నుంచి గాలి పోతుంటే వేలితో చూపేవారు, మందు పీల్చాక పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టమనేవారు. ఈ కొత్త డాక్టరు కంప్యూటరు తెర వైపు చూస్తూనే మందు వివరం చెప్పి, లేచి, తలుపు పిడి మీద చెయ్యి వేసి, “ఇంకేమైనా ప్రశ్నలున్నాయా?” అన్నారు. నాకు ఉన్నాయి. వాడు రాత్రుళ్లు దగ్గుతో లేస్తున్నాడు. ఉబ్బసం అదుపులో లేదనడానికి అదొక గుర్తని నాకు తెలుసు. అయినా లేవని తలూపాను. నేను చెప్పినదానికి గౌరవం ఇచ్చారా అని సర్వేవాళ్లు నన్ను అడిగితే ఏమనాలి? నేను చెప్పిందేమీ లేదు కదా.

ఇలాంటప్పుడు ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకోండి, పిల్లవాడితో నేరుగా మాట్లాడమని డాక్టరును అడగండి, “మాకు అర్థమైంది ఇది, సరేనా?” అని తిరిగి చెప్పి చూపండి అని తోటి తల్లులకు సలహా ఇవ్వాలనే ఉంది. కానీ గంటల లెక్కన జీతం తీసుకుంటూ, ఆ పూట కూలి వదులుకుని, రాని భాషలో బిడ్డ జబ్బు చెప్పుకునే తల్లికి ఈ సలహా ఏపాటిది? మర్యాదను రాబట్టుకునే భారాన్ని కూడా ఆమె మీదే వేయడం న్యాయమా? పైగా, పెద్దలకు ఎదురు చెప్పవద్దని నూరిపోసిన నేనే ఇప్పుడు డాక్టరును ప్రశ్నించమని పిల్లవాడికి చెబుతున్నాను. వాడు నన్ను వింతగా చూడడంలో ఆశ్చర్యం లేదు.

ఆ రాత్రి దగ్గు సంగతి క్లినిక్ పోర్టల్‌లో రాశాను. మర్నాడే ఆ డాక్టరు సవివరంగా, ఎంతో మర్యాదగా జవాబిచ్చి, మందు మోతాదు మార్చి, మళ్లీ రమ్మన్నారు. ఆమె గురించి నేను కట్టుకున్న కథ అంతటితో సగం కూలింది. మిగిలిన సగాన్ని కూల్చడానికి నాకు మనసొప్పడం లేదు, ఎందుకంటే తలుపు పిడి మీద ఆ చెయ్యి నేను కల్పించింది కాదు.