రెసిన్ గడియారం మీది గుంటలు, మచ్చలు ఎలా పోగొట్టాను

30 సెంటీమీటర్ల వ్యాసం గల ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో ఒత్తి చేసిన) పలక మీద అలల రంగులతో ఎపాక్సీ రెసిన్ (ద్రవంగా పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం) పోసి చేసిన గోడ గడియారం అది. గట్టిపడ్డాక ఎదురుగా చూస్తే అద్దంలా ఉంది గాని, కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకోగానే లోపాలన్నీ బయటపడ్డాయి. దుమ్ము కణాల వల్ల లేచిన మొటిమలు, గాలి బుడగలు పగిలి మిగిల్చిన సూదిమొనంత రంధ్రాలు, అంచుకు దగ్గరగా రెసిన్ వెనక్కి లాగుకుపోయి ఏర్పడిన కందిగింజంత గుంట కనిపించాయి. ఇవి చాలవన్నట్టు తెల్లని నురుగు గీత మధ్యలోకి వచ్చి మరీ వాలిన ఒక దోమ కూడా ఉంది.

ఏ లోపాన్నైనా ముట్టుకునే ముందు ఉపరితలమంతా గోటితో నొక్కి చూశాను. ఎక్కడైనా బంకగా తగిలితే అక్కడ రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ సరిగా కలవలేదని అర్థం. అటువంటి చోట పైన ఎన్ని పూతలు వేసినా అడుగు గట్టిపడదు కనుక, మెత్తటి భాగాన్ని గీకి తీసివేయడం తప్ప మార్గం లేదు. నా పలక అంతటా గట్టిగానే ఉంది గాని, వానాకాలం కావడం వల్ల చేతికి సన్నని జిడ్డు పొర తగిలింది. హార్డ్‌నర్‌లోని అమైన్లనే రసాయనాలు గాలిలోని తేమతోను, బొగ్గుపులుసు వాయువుతోను కలిసినప్పుడు ఇటువంటి పొర ఏర్పడుతుంది. దీనిని కడగకుండా గరుకు కాగితం పట్టిస్తే జిడ్డు గీతల్లోకి దిగి తరువాతి పూత అంటుకోదు. ఈ పొర నీటిలో కరిగే రకం కాబట్టి, గోరువెచ్చని సబ్బు నీటిలో పిండిన గుడ్డతో తుడిచి, మంచినీటి గుడ్డతో మళ్లీ తుడిచి ఆరబెట్టాను. ఎండీఎఫ్ నీరు పీలిస్తే ఉబ్బిపోతుంది. అందుకే పలక వెనుక భాగాన్ని, ముళ్ల కోసం తొలిచిన రంధ్రాన్ని ముందే టేపుతో మూసివేశాను.

మొటిమలకు, గుంటలకు వైద్యం ఒకటి కాదు. పైకి లేచినదాన్ని అరగదీయవచ్చు. లోపలికి దిగినదాన్ని అరగదీసి సరిచేయాలంటే గుంట లోతు వరకు మొత్తం ఉపరితలాన్ని దించాలి, ఆ లోగా కింది రంగులు పాడవుతాయి. కనుక ముందుగా దోమను బ్లేడు మొనతో తవ్వి తీసి, దాన్ని కూడా గుంటల జాబితాలోనే చేర్చాను. గుంటల లోపలి గోడలను చిన్న గరుకు కాగితపు ముక్కతో మెరుపు పోయేదాకా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. అంచు దగ్గరి గుంటకు నూనె చెయ్యో, సిలికాన్ అంటిన గుడ్డో కారణమై ఉంటుంది కాబట్టి, దానిని ప్రతిసారీ కొత్త గుడ్డతో తుడిచాను.

నింపవలసింది కొన్ని చుక్కలే అయినా, కలిపేది మరీ కొద్దిగా ఉండకూడదు. తక్కువ మోతాదులో ఒక్క చుక్క తేడా వచ్చినా నిష్పత్తి చెడిపోతుంది. పైగా హార్డ్‌నర్ కంటే రెసిన్ బరువుగా ఉంటుంది కనుక, కొలత గ్లాసు నిష్పత్తి తూకానికి పనికిరాదు. కలిపిన రెసిన్‌ను పళ్లపుల్లతో గుంట అడుగు నుంచి తాకిస్తూ, కింద గాలి చిక్కకుండా, కొద్దిగా ఉబ్బెత్తుగా నింపాను.

అది పూర్తిగా గట్టిపడ్డాక, చదునైన చెక్క ముక్కకు 320 నంబరు వాటర్ పేపరు చుట్టి, ఎన్95 మాస్కు, నైట్రైల్ తొడుగులు వేసుకుని, తడి చేస్తూ రుద్దాను. పాలలాంటి తెల్లని నీరు తుడిచి ఆరనిస్తే పని ఎంత మిగిలిందో పలకే చెబుతుంది: రుద్దుడు తగిలిన చోటంతా మసకబారి, ఇంకా పల్లంగా ఉన్న చోట మాత్రం మెరిసే చుక్క మిగిలి ఉంటుంది. పెద్ద చుక్కలను మళ్లీ నింపి, చిన్నవాటిని అవి మాయమయ్యేదాకా రుద్దాను. ఇంత రుద్దిన తరువాత గీతలు కనిపిస్తే కంగారు అక్కరలేదు, పై పూత వాటిని నింపేస్తుంది. పూత వేయకుండా 3000 నంబరు దాకా అంతకంతకు నునుపైన కాగితాలతో రుద్ది పాలిష్ చేయడమూ సాధ్యమే. అయితే ఒక్క మొటిమకైతే అది సరిపోతుంది గాని, పలకంతా మసకబారినప్పుడు కొత్త పూతే మేలని నా అభిప్రాయం. నింపిన చోట్ల చుట్టూ మిగిలే సన్నని వలయాలు కూడా దానితోనే కలిసిపోతాయి.

ఈ పై పూతకు 2 మిల్లీమీటర్ల మందానికి దాదాపు 140 మిల్లీలీటర్ల మిశ్రమం కావాలి. నేను వాడినది 2:1 రకం కావడంతో 100 మిల్లీలీటర్ల రెసిన్‌కు 50 మిల్లీలీటర్ల హార్డ్‌నర్ కలిపాను. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, గదిలో తేమ తగ్గేందుకు ఏసీ వేసి, రెసిన్‌ను మధ్యలో పోసి అంచులకు నెట్టాను. హీట్ గన్‌ను ఒకే చోట నిలపకుండా పైపైన తిప్పి బుడగలు పోగొట్టి, లోపలి దుమ్ము తుడిచిన అట్టపెట్టెను బోర్లించాను. మర్నాటికి ముట్టుకోవచ్చు గాని, పూర్తి గట్టిదనానికి వారం వరకు పడుతుంది. ఈలోగా నట్టు బిగిస్తే దాని కింద రెసిన్ నొక్కుకుపోతుంది కాబట్టి, ముళ్లను వారం గడిచాకే బిగించాను.