నలభయ్యో జోన్, పక్కింటి ఛార్జర్

రాత్రి పదకొండున్నర. సీక్యూ వరల్డ్‌వైడ్, హ్యామ్ రేడియోవాళ్ల ప్రపంచ మోర్స్ పోటీ, పొద్దున అయిదున్నర దాకా ఉంది. అయినా మోర్స్ కొట్టే కీ పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. మనసు కుదురుగా లేదు.

ఎనిమిది దాటాక నలభై మీటర్ల బ్యాండ్ మీద జేడబ్ల్యుతో మొదలయ్యే కాల్‌సైన్, అంటే స్టేషన్ పేరు, వినిపించింది. స్వాల్‌బార్డ్, ఉత్తర ధ్రువం వైపు నార్వే దీవులు. 78 డిగ్రీల ఉత్తరాన, మా ఊరికి ఏడున్నర వేల కిలోమీటర్లు. ధ్రువకాంతుల మీదుగా వచ్చే మోర్స్‌కు ఒక వణుకు ఉంటుంది, గొంతులో నీళ్లు పోసుకుని మాట్లాడినట్టు. ఒక్క కాంటాక్ట్‌తో కొత్త దేశం, పోటీ కోసం ప్రపంచాన్ని పంచిన జోన్లలో నలభయ్యోది, స్కోరును హెచ్చవేసే రెండు మల్టిప్లయర్లు. సరిగ్గా అప్పుడే బుర్రుమని నాయిస్. సిగ్నల్ బలం చూపే మీటరు ఎస్8 దాకా ఎక్కి కూర్చుంది, దిగదు.

పక్కింటి అన్న ఎలక్ట్రిక్ బండి కొన్నప్పటి నుంచి దాని ఛార్జర్ మీద నాకో కన్నుంది. లుంగీ మీదే పోయి గోడ దగ్గర నిలబడ్డాను.

"అన్నా, ఒక్క పావుగంట ఛార్జింగ్ తీస్తవా?"

"నీ టక్కుటక్కులకు నా బండి ఎండాల్నా? పొద్దుగాల చెట్లు దిగి నల్లగొండ పోవాలె." అన్నాడు గానీ తీశాడు.

వచ్చి చూస్తే నాయిస్ అంతే ఉంది.

ఆ జేడబ్ల్యు ఆపరేటర్ మీద కుళ్లు పుట్టింది. పక్కిల్లు లేని చోట ఎంత హాయిగా వింటున్నాడో అని. కానీ అక్కడ అక్టోబర్ చివర్లో మునిగిన సూర్యుడు ఫిబ్రవరి మధ్య దాకా రాడు. సౌర తుపాను తగిలితే బ్యాండే చచ్చిపోతుంది, చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఊరు దాటితే తెల్ల ఎలుగుబంట్లకు భయపడి తుపాకీ పట్టుకెళ్లాలి. అన్నిటికన్నా, యాంటెన్నా తీగ కట్టుకుందామంటే అక్కడ చెట్టే లేదు.

నాకుంది. అదీ ఈ కల్లు గీసే అన్నదే.

నాలుగేళ్ల కింద తీగ రెండో కొస ఎక్కడ కట్టాలో తెలియక తిరుగుతుంటే, "తాడుకు కడదాం పా" అన్నాడు. తాడంటే తాటిచెట్టు. మోకు వేసుకుని, నైలాన్ తాడు నడుముకు చుట్టుకుని, నేను జాగ్రత్త అనేలోపే పైనున్నాడు. తాడుకు తాడు కట్టి, మట్టల సందులోంచి "ఇండ్ల కరెంటుంటదా?" అని అరిచాడు. తీగ కొసల్లోనే వోల్టేజీ ఎక్కువ, నూరు వాట్లకే చేయి కాలుతుంది. ఉంటుందని నిజమే చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే నేనెక్కినప్పుడు నువ్వు కొట్టొద్దు" అన్నాడు. పైసలిస్తే తీసుకోలేదు. అన్న ఎక్కేది తెల్లారేటప్పుడు, పొద్దుగూకేటప్పుడు. నలభై మీటర్లు దూరదేశాలకు బాగా తెరుచుకునేదీ ఆ రెండు వేళల్లోనే! నాలుగేళ్లుగా నా మంచి టైమంతా కల్లు లొట్టిలోకే పోతోంది. ఇవాళ పొద్దున కూడా బ్రెజిల్ నా కాల్‌సైన్ సగం పట్టుకున్నాడు, మిగతా సగం కొట్టబోతుంటే గోడ మీంచి "నేనెక్కుతున్నా" అని కేక. కీ వదిలేశాను. ఆ కోపం కూడా సాయంత్రం దాకా లోపల ఉండే ఉంటుంది, లేకపోతే అంత తొందరగా ఛార్జర్ మీదికి పోయేవాణ్ని కాదు.

చివరికి రేడియోను బ్యాటరీ మీద పెట్టి మా ఇంటి మెయిన్ దించాను. సీరియల్ పోయిందని లోపలి నుంచి అరుపు. నాయిస్ కూడా పోయింది. ఒక్కొక్కటే వేసి చూస్తే, చిన్నదాని టేబుల్ లైట్ అడాప్టర్. పోయిన నెల నేనే బేరమాడి తెచ్చింది.

అయిదో పిలుపుకు జేడబ్ల్యు పలికాడు. ఫైవ్ ఎన్ ఎన్ ఫార్టీ, అంటే సిగ్నల్ 599, జోన్ నలభై. నేను ఫైవ్ ఎన్ ఎన్ ట్వంటీ టూ, మన జోన్. టీయూ, అంటే థాంక్యూ. అంతే, లాగ్‌లో పడింది.

"అయిందా తమ్మీ?" గోడ అవతలి నుంచి.

"అయిందన్నా."

"చూసినవా, నా బండిదే గదా!"

ఊఁ అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

ఇప్పుడు వాళ్లింట్లో లైట్లు ఆరిపోయాయి. బండికి ఛార్జింగ్ మళ్లీ పెట్టాడో లేదో. రేడియోలో విని తెలుసుకుందామంటే, అది చప్పుడే చేయదాయె.