బిట్లు గుర్తుండాలంటే ఏడాదికో పేజీ

తోటి అభ్యర్థులకు,

గ్రూప్-2 జనరల్ స్టడీస్‌లో నన్ను ఎక్కువగా సతాయించినవి చిన్నచిన్న విశేషాలే. పాలిటీకి, ఎకానమీకి ఒక వరుస ఉంటుంది. వీటికి అదేమీ ఉండదు. బిట్ బ్యాంకులో భూదానం పక్కనే బాక్సింగ్ ఉంటుంది, పొద్దున చదివింది సాయంత్రానికి ఎగిరిపోతుంది. నల్లగొండలో గ్రంథాలయం మూసేదాకా కూర్చుని చదివే రోజుల్లో నాకు పనికొచ్చిన పద్ధతి ఒక్కటే: నోట్సులో ఏడాదికో పేజీ. ఏ పుస్తకంలో ఏ సంగతి కనిపించినా దాని ఏడాది పేజీలోకి చేర్చడమే.

1952 పేజీనే తీసుకోండి. మన నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉండడంతో ఆయన నిలబడింది పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) తరఫున. మెలిక పెట్టాలనుకుంటే ఇక్కడే పెడతారు. ఆ ఎన్నికల తర్వాతే పాలమూరు బిడ్డ బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు, సెప్టెంబరుకల్లా స్థానికులకే ఉద్యోగాలివ్వాలన్న ముల్కీ ఉద్యమం ఆయన ప్రభుత్వాన్ని చుట్టుముట్టింది. మద్రాసులో ఇంగ్లండ్‌పై భారత్ తొలి టెస్టు విజయం, హెల్సింకి ఒలింపిక్స్‌లో కుస్తీవీరుడు కె.డి. జాదవ్ కాంస్యం, డిసెంబరులో పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం కూడా ఆ పేజీలోనివే. ఇలా చదివితే ఒకటి తలచుకోగానే మరొకటి వెంట వస్తుంది.

1951లో మార్చిలో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు, ఫుట్‌బాల్ స్వర్ణం మనదే. ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే అడగ్గా వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు భూదానంగా ఇచ్చారు.

నాకు బాగా ఇష్టమైన పేజీ 1955. డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం కూడా ఆ ఏడాదిదే, సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు వచ్చింది. అప్పటికి ఆయన లేరు, 1953లోనే కన్నుమూశారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి జవాబు చెప్పిన మనిషి ఆయన. ఆ 354 కోసం నేను ఏ చిట్కా వాడలేదు. కథ తెలిస్తే అంకె దానంతటదే నిలుస్తుంది.

పాత పుస్తకాలతో మాత్రం జాగ్రత్త. 2016 అక్టోబరు 11న జిల్లాలు మారాయి. పోచంపల్లి ఇప్పుడు యాదాద్రి భువనగిరిలో ఉంది, అలంపురం జోగులాంబ గద్వాలలో ఉంది. పాత ముద్రణల్లో ఇంకా నల్లగొండ, మహబూబ్‌నగర్ అనే ఉంటాయి, ముందు వాటిని దిద్దుకోండి. పిల్లలమర్రి అన్న పేరు కనబడగానే ఆప్షన్ పెట్టేయకండి. మహబూబ్‌నగర్ దగ్గరిది మర్రిచెట్టు, సూర్యాపేట దగ్గరిది కాకతీయుల కాలపు గుడులు, శాసనాలున్న ఊరు. ప్రశ్నలో చెట్టు అన్నారో, శాసనం అన్నారో చూసి పెట్టండి.