సోషల్ టీచర్‌కి సివిక్స్ పరీక్ష

తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో రిటైరయ్యేదాకా సోషల్ చెప్పినదాన్ని. ఇప్పుడు న్యూజెర్సీలో అబ్బాయి ఇంట్లో కూర్చుని అమెరికా పౌరసత్వ పరీక్షకు చదువుతున్నాను.

2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్ళకు కొత్త పద్ధతి. మొత్తం 128 ప్రశ్నలు ఇస్తారు, వాటిలోంచి ఆఫీసరు ఇరవై దాకా నోటితో అడుగుతారు. పన్నెండు చెబితే పాస్, అక్కడితో ఆపేస్తారు. 65 ఏళ్ళు దాటి, గ్రీన్‌కార్డు వచ్చి 20 ఏళ్ళు నిండినవాళ్ళు 20 ప్రశ్నలే చదువుకుంటే చాలు, జవాబులు తెలుగులోనే చెప్పుకోవచ్చు. నాకు వయసుంది గానీ కార్డు మొన్నమొన్నటిది. కాబట్టి అన్నీ ఇంగ్లీషులోనే.

బట్టీ పట్టడం నాకు మొదట్నుంచీ గిట్టదు. అందుకే ప్రతిదాన్నీ మన రాజ్యాంగం పక్కన పెట్టి చూసుకుంటున్నాను. సెనేటర్ పదవీకాలం ఆరేళ్ళు, మన రాజ్యసభ లెక్కే, అది గుర్తుండిపోయింది. సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు, జీవితాంతం ఉండొచ్చు. మన దగ్గర 65కి ఇంటికి పంపిస్తారు, నాకైతే అదే నయమనిపిస్తుంది. మన లోక్‌సభ లాంటి ప్రతినిధుల సభకేమో రెండేళ్ళకోసారి ఎన్నికలు! గెలిచి కుర్చీలో సర్దుకునేలోపే మళ్ళీ ఓట్లకు బయల్దేరాలి. సెనేటర్ల కంటే వీళ్ళకెందుకు తక్కువ కాలం అని కూడా ఒక ప్రశ్న ఉంది. ప్రజాభిప్రాయానికి దగ్గరగా ఉండటానికట. నేను పేపరు సెట్ చేసినా ఇలాంటివే ఎక్కువ ఇచ్చేదాన్ని. జెండాలో 13 చారలెందుకు అనేది ఒక్క మార్కు ప్రశ్న. మొదట్లో ఉన్న కాలనీలు 13, అంతే.

సాయంత్రం నేను గోంగూర వలుస్తుంటే మనవరాలు కార్డులు పట్టుకుని ఎదురుగా కూర్చుంటుంది. మహా స్ట్రిక్టు. అమెరికా రాజ్యాంగం రాసినవాళ్ళలో ఒకరి పేరొస్తే, "మ్యాడిసన్ అనాలి నానమ్మా, మాడిసన్ కాదు" అని మళ్ళీ చెప్పిస్తుంది. పౌరహక్కుల ఉద్యమం కార్డు వచ్చిన రోజు ఆపి, దానికో సంగతి చెప్పాను. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ అనే పంజాబీకి కూడా, తెల్లవాడు కాదన్న కారణంతో 1923లో సుప్రీంకోర్టు పౌరసత్వం కుదరదంది. మనవాళ్ళకు ఆ దారి తెరుస్తూ చట్టం వచ్చింది 1946లో. దలీప్ సింగ్ సౌంద్ 1949లో పౌరుడై, 1956లో ఏకంగా ప్రతినిధుల సభకే కాలిఫోర్నియా నుంచి గెలిచారు. ఆ 128లో ఈ ముచ్చట లేదు. ఉండాల్సింది.

అంతా విని, "ఇది టెస్టులో వస్తుందా?" అంది. రాదన్నాను. "అయితే నెక్స్ట్ కార్డ్."

ఇక మిగిలినవి పేర్లు. ఇక్కడి న్యూజెర్సీ గవర్నరు, ఇక్కడి సెనేటర్లు, ప్రతినిధుల సభ స్పీకరు. ఇవి మారుతుంటాయి కాబట్టి ఇప్పట్నుంచీ బుర్రకెక్కించుకుని లాభం లేదు. ఇంటర్వ్యూ ముందురోజు చూసుకుంటాను. ప్రెసిడెంటు పేరు మాత్రం ఎలాగూ మర్చిపోనివ్వరు, పొద్దున లేస్తే టీవీలో అదేగా.