రియోస్టాట్, ఘాట్, మన బొమ్మ రైలు

మన బడి జ్ఞాపకాల సంచికకు వ్యాసం పంపమని కబురు రాగానే, బడిగంట గురించీ ఆవరణలోని వేపచెట్టు గురించీ ఎలాగూ చాలామంది రాస్తారని తెలిసిపోయింది. అందుకే నేను ఫిజిక్సు ల్యాబులోని రియోస్టాట్ గురించి, అంటే మీట జరిపి నిరోధాన్ని పెంచీ తగ్గించీ కరెంటును అదుపు చేసే పరికరం గురించి రాస్తున్నాను. చెట్టు మీద నాకేమీ కోపం లేదు.

మేము పదో తరగతిలో ఉన్నప్పుడు, ఒంగోలులో జరిగే వైజ్ఞానిక ప్రదర్శనకు ఏం తీసుకెళ్లాలనే చర్చ వచ్చింది. గిద్దలూరు పిల్లలకు రైలు కాక ఇంకేం తడుతుంది? అప్పట్లో గుంటూరు–గుంతకల్లు మీటరుగేజి బండ్లు మన ఊరు దాటి, దిగువమెట్ట మీదుగా నల్లమలలోకి వెళ్లేవి. దొరబావి వంతెన గురించీ బొగద సొరంగం గురించీ వినని పిల్లవాడు మా తరగతిలో లేడు. ఆ ఘాట్‌నే, అంటే కొండ ఎక్కి దిగే ఆ రైలుదారినే, పలక మీద కడదామన్నాం. ఓడలో ఉద్యోగం చేసే బంధువు మా మిత్రుడొకడికి తెచ్చిచ్చిన, హెచ్‌వో అనే కొలతలో చేసిన బొమ్మ రైలు ఉంది. అసలు బండిలో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు, 12 వోల్టుల మోటారు. దానితో వచ్చిన కంట్రోలరు అప్పటికే చెడిపోవడంతో ల్యాబులోని రియోస్టాట్‌ను బ్యాటరీకి కలిపాం.

కింది లైను మీదుగా పై లైను దాటాలంటే 8 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. ఎక్కడానికి మా ప్లైవుడ్ పలక మీద దొరికిన దూరం 2 మీటర్లే. అంటే 25 పాళ్ల దూరానికి 1 పాలు ఎత్తు, 25కు 1. ముంబై–పుణె దారిలోని పేరుమోసిన భోర్ ఘాట్‌లోనే ఏటవాలు 37కు 1! బండి చదునులో చక్కగా నడిచేది. ఎక్కుడు మొదలవగానే నీరసించి సగంలో ఆగేది. మీట జరిపి ఎలాగో పైకి చేరిస్తే, అవతలివైపు వంపులో పట్టాలు తప్పేంత వేగంగా దిగేది. మీట దగ్గర కూర్చున్న అమ్మాయికి చెయ్యి తీసే తీరిక లేదు.

ఇంజనుకు బలం చాలడం లేదని మేమంతా తీర్మానించాం. ఫిజిక్సు సారు మాత్రం కరెంటును కొలిచే అమ్మీటరు తెచ్చి పెట్టారు. "బలం లేక కాదురా, మీరిచ్చే వోల్టేజీని దారిలోనే తినేస్తున్నారు" అన్నారు. లెక్క బోర్డు మీద వేశారు. రియోస్టాట్‌ను 12 ఓములకు పెట్టామనుకోండి. చదునులో మోటారు 0.3 ఆంపియర్లు లాగితే 3.6 వోల్టులు రియోస్టాట్‌లో పోయి, మోటారుకు 8.4 మిగులుతాయి. ఎక్కేటప్పుడు 0.5 లాగితే 6 పోతాయి, 6 మిగులుతాయి. దిగేటప్పుడు 0.2 చాలు కనుక 9.6 అందుతాయి. ఎక్కువ కావలసిన చోట తక్కువ, తక్కువ చాలిన చోట ఎక్కువ! పంట ఎండినప్పుడు కాలువ కట్టేసి, వాన పడినప్పుడు వదిలినట్టు. ఓం నియమాన్ని పరీక్ష కోసం అంతకుముందే బట్టీ పట్టాను కానీ, అర్థమైంది మాత్రం ఆ సాయంత్రమే.

విరుగుడుగా సారు 2ఎన్3055 ట్రాన్సిస్టరును అల్యూమినియం రేకుకు బిగించి తెచ్చారు. వోల్టేజీని సర్దే చిన్న పొటెన్షియోమీటరుతో దాని బేస్ అనే కాలు దగ్గర వోల్టేజీ నిర్ణయిస్తే, మోటారుకు కలిపిన ఎమిటరు అనే కాలు దగ్గర అంతకంటే ఇంచుమించు 0.7 వోల్టు తక్కువగా నిలబడుతుంది. మోటారు ఎంత కరెంటు లాగినా పెద్దగా మారదు. రేకు చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది కానీ బండి కొండ ఎక్కింది. మోటారు తీగచుట్టకూ సొంత నిరోధం ఉంటుంది కనుక వేగం కొంత తగ్గేది. ఆ కొంత మాకు పట్టలేదు.

దిగేటప్పుడు మాత్రం బండి గునిసేది. ఇంజనులో మోటారుకూ చక్రాలకూ మధ్య వర్మ్ గేరు, అంటే మరలాంటి కడ్డీ పళ్లచక్రాన్ని తిప్పే అమరిక, ఉంటుంది. మోటారు చక్రాలను తిప్పగలదు, చక్రాలు మోటారును తిప్పలేవు. వెనక పెట్టెల బరువు నెట్టినప్పుడు వర్మ్ తన ఇరుసు సందులో ముందుకూ వెనక్కూ జరుగుతుంది, బండి కుదుపుతుంది. సందులో పలచని వాషరు వేస్తే సర్దుకుంది.

ప్రదర్శనకు ముందు, మీట దగ్గర కూర్చునే ఆ అమ్మాయి నాన్నగారు చూడటానికి వచ్చారు. ఆయన రైల్వేలో డ్రైవరు. "బాగుందమ్మా. కానీ ఘాట్‌లో బండి ఇంత హుషారుగా ఎక్కదు. వేగం పడాలి, ఇంజను మూలగాలి. దిగేటప్పుడు బ్రేకుతోనే మా పనంతా" అన్నారు. మేము ముఖాలు చూసుకున్నాం. సారు నవ్వి ఊరుకున్నారు.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది డిజిటల్ పద్ధతి. పట్టాల్లో ఎప్పుడూ పూర్తి వోల్టేజీ ఉంటుంది, ఇంజనులోని డీకోడరు తనకు వచ్చిన ఆదేశాన్ని మాత్రమే పాటిస్తుంది. అది మోటారుకు కరెంటును తునకలుగా ఇస్తూ, మధ్యలో క్షణంలో అతిచిన్న భాగం ఆపి, తిరుగుతున్న మోటారు తానే పుట్టించే వోల్టేజీని కొలుస్తుంది. అది వేగాన్ని బట్టి మారుతుంది కనుక, తగ్గితే తునక పొడవు పెంచుతుంది. ఈ సర్దుబాటును పూర్తిగా పెట్టుకుంటే కొండ ఉన్నదనే సంగతే బండికి తెలియదు. నేను సగానికే పెట్టుకుంటాను. ఆ డ్రైవరుగారి మాట ఒక కారణం. రెండు ఇంజన్లు జతకట్టినప్పుడు, ఒక్కోటీ తన వేగమే సరైనదని పట్టుబడితే ఒకదాన్నొకటి లాగి చక్రాలు జారతాయి, అది ఇంకో కారణం.

పాత పలక నా దగ్గరే ఉంది. ల్యాబులో చోటు చూపిస్తే పంపుతాను. కొత్తగా కట్టే పిల్లలు మాత్రం 50కు 1 కంటే నిటారు చెయ్యకండి. అడుగునా శిఖరానా వాలును ఒక్కసారిగా విరవకుండా మెల్లగా వంచండి, లేకపోతే కొక్కేలు ఊడతాయి. ట్రాన్సిస్టరు రేకుకు ఈసారి పెద్ద ముక్క వాడండి.