సూపర్ వీసా ఇన్సూరెన్స్ తీసుకునే ముందు అమ్మానాన్నల మందుల చీటీ చూడండి

ఈమధ్య మా వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఎవరు కలిసినా కెనడా సూపర్ వీసా గురించే అడుగుతున్నారు. పిల్లలు టొరంటో దగ్గరో వాంకూవర్ దగ్గరో సెటిలైపోయారు, కూతురికో కోడలికో నెలలు నిండే టైంకి పెద్దవాళ్ళు వెళ్ళాలి, అందుకని ఇన్సూరెన్స్ ఎంతవుతుంది, చవగ్గా ఎక్కడ దొరుకుతుంది అని అడుగుతారు. నేనైతే రేటు సంగతి తర్వాత, ముందు మీ మందుల చీటీ తీసుకురండి అంటాను, ఎందుకంటే అసలు కథంతా ఆ చీటీలోనే ఉంటుంది. అందుకే ఇదంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు రూల్ ఏంటో చెప్పేస్తాను. కెనడాలో సిటిజనో పీఆరో (పర్మనెంట్ రెసిడెంటో) అయిన పిల్లలు, మనవలు అమ్మానాన్నల్ని, అమ్మమ్మ తాతయ్యల్ని, నానమ్మ తాతయ్యల్ని పిలిపించుకునే వీసా ఇది, 2022 జులై నుంచి ఒక్కసారి వెళ్తే అయిదేళ్ళ దాకా ఉండొచ్చు. దీనికి హెల్త్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. కనీసం లక్ష కెనడియన్ డాలర్ల కవరేజ్ ఉండాలి, మన లెక్కలో అరవై లక్షల పైమాటే. అక్కడ దిగిన రోజు నుంచి కనీసం ఏడాది చెల్లాలి, వైద్యం, హాస్పిటల్ అడ్మిషన్, ఏదైనా జరగరానిది జరిగితే స్వదేశానికి తీసుకురావడం, ఈ మూడూ అందులో ఉండాలి. డబ్బు మొత్తం కట్టేసి ఉండాలి, లేదంటే డిపాజిట్ కట్టి వాయిదాల్లోనైనా కడుతూ ఉండాలి, ఊరికే కొటేషన్ కాగితం పెడితే ఒప్పుకోరు. వీసా ఆఫీసర్ చూసేది అంతే. ఎమౌంట్, తేదీలు, కంపెనీ. మీ నాన్నగారికి షుగర్ ఉందా, ఆ పాలసీ షుగర్‌కి సంబంధించిన ఖర్చు ఇస్తుందా లేదా అన్నది ఆయన పని కాదు. అది రేపు హాస్పిటల్ బిల్లు వచ్చాక క్లెయిమ్ చూసేవాళ్ళు చూస్తారు, వాళ్ళు మాత్రం గత ఆరు నెలల చీటీలన్నీ తెప్పించుకుని మరీ చూస్తారు.

అక్కడే ఉంటుంది స్టెబిలిటీ క్లాజ్ అనేది. పాలసీ మొదలయ్యే తేదీకి ముందు 90 రోజులో, 120 రోజులో, 180 రోజులో, ప్లాన్‌ని బట్టి వయసుని బట్టి మారుతుంది, అన్ని రోజులూ ఆ జబ్బు నిలకడగా ఉండాలి. నిలకడ అంటే మన దృష్టిలో ఒంట్లో బానే ఉంది, తిరుగుతున్నారు, తింటున్నారు, అంతేగా. వాళ్ళ దృష్టిలో అలా కాదు. మందు మారకూడదు, డోసు పెరగకూడదు, చాలామందికి తెలియనిది ఏంటంటే డోసు తగ్గినా అది మార్పు కిందకే వస్తుంది. కొత్తగా ఒక లక్షణం కనపడకూడదు, డాక్టర్ ఏదైనా టెస్ట్ రాసి అది ఇంకా చేయించకుండా పెండింగ్‌లో ఉండకూడదు. వీటిలో ఏ ఒక్కటి జరిగినా ఆ జబ్బు వల్ల వచ్చే ఖర్చు కవర్ కాదు. అంటే లక్ష డాలర్ల పాలసీ చేతిలో ఉంటుంది, బీపీ వల్ల స్ట్రోక్ వస్తే మాత్రం పైసా రాకపోవచ్చు. ఒంటారియోలో అయితే విజిటర్లకి అక్కడి ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్ ఓహెచ్ఐపీ వర్తించదు, హాస్పిటల్లో బెడ్‌కే రోజుకి వేల డాలర్లు అవుతుంది, ఆ బిల్లు ఇప్పుడిప్పుడే ఇల్లు కొనుక్కుని నెలనెలా మార్ట్‌గేజ్ కడుతున్న పిల్లల మీద పడుతుంది. నాకు భయం అక్కడే.

మా నాన్న స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు, షుగర్ ఉంది, బీపీ ఉంది. కెనడాలో ఉన్న అక్క రమ్మని కబురు చెప్పగానే టికెట్ల కంటే ముందు ఆయన్ని మహారాణిపేటలో ఎప్పుడూ చూపించే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. సార్, ప్రయాణానికి ఇంకా చాలా నెలలుంది, మార్చాల్సిన మందులేమన్నా ఉంటే ఇప్పుడే మార్చెయ్యండి అని అడిగాను. ఆయన రీడింగ్‌లు చూసి బీపీ మాత్ర టెల్మిసార్టాన్ 40 ఎంజీని 80 చేశారు, ఈసీజీ, కిడ్నీ టెస్ట్ కూడా అప్పుడే రాశారు, అవి ఆ వారంలోనే చేయించేశాం. ఇంటికొచ్చాక నాన్న పాత స్ట్రిప్పులో మిగిలిన 40 ఎంజీ మాత్రలన్నీ కత్తిరించి పక్కన పెట్టి, కొత్త స్ట్రిప్పు వెనక బాల్‌పెన్నుతో మొదలెట్టిన తేదీ రాసుకున్నారు. "ఒక్క బీపీ మాత్ర మారితే ఇన్ని లెక్కలేటమ్మా" అని కొంచెం విసుక్కున్నారు కానీ ఆ తేదీ మాకు తర్వాత చాలా పనికొచ్చింది, పాలసీ స్టార్ట్ డేట్‌ని అక్కణ్ణుంచి 180 రోజులు దాటేలా పెట్టుకున్నాం, వెళ్ళే నెల కూడా దాన్ని బట్టే ఖాయం చేశాం.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. క్లాజ్ ఉంది కదా అని మందు మార్చడం ఆపుకోవద్దు, డాక్టర్‌ని బతిమాలి పాత డోసే రాయించుకోవద్దు, అది ప్రాణాలతో ఆట. అవసరమైతే ప్రయాణమే వెనక్కి జరపండి. టైం లేదు, పురిటికి వెళ్ళి తీరాలి అంటే స్టేబుల్‌గా లేని జబ్బులకి కూడా కొంత ఎమౌంట్ వరకు ఇచ్చే ప్లాన్లు ఉంటాయి, ప్రీమియం ఎక్కువ పడుతుంది, అయినా అడిగి తీసుకోండి.

ఇంకోటి మెడికల్ క్వశ్చనీర్. కొంత వయసు దాటినవాళ్ళకి చాలా ప్లాన్లలో ప్రశ్నలుంటాయి, గుండెకి సంబంధించి ఏమన్నా అయ్యిందా, స్టెంట్ ఉందా, రోజుకి ఎన్ని మందులు అని. మా పక్క వీధి బాబాయిగారికి ఎప్పుడో స్టెంట్ వేశారు, ద్వారకానగర్‌లో పేపర్లు చేసిపెట్టిన ఏజెంట్ ప్రీమియం తక్కువ చూపించాలని అన్నిటికీ "లేదు" అని పెట్టేశాడు. పాలసీ కాపీ తీసుకుని లైన్ లైన్ చదివితే బయటపడింది. మళ్ళీ రాయించాం, డబ్బు ఇంకా కట్టాల్సి వచ్చింది, పిన్నిగారు కాస్త బాధపడ్డారు కూడా, కానీ ఒక్క తప్పు జవాబు దొరికితే పాలసీ మొత్తం రద్దు చెయ్యొచ్చు, గుండెకి సంబంధం లేని కాలు విరిగిన క్లెయిమ్ కూడా పోవచ్చు. సంతకం మీది, ఏజెంట్‌ది కాదు. ఆ ఫారం మీ అమ్మానాన్నల పక్కన కూర్చుని, చీటీలన్నీ ముందేసుకుని మీరే నింపండి.

మన దేశంలో కొన్న ట్రావెల్ పాలసీ చాలదా అని కూడా అడుగుతున్నారు. 2025 జనవరి 28 నుంచి కెనడా బయటి కంపెనీలవి కూడా ఒప్పుకుంటున్నారు అన్నది నిజమే, అయితే ఆ కంపెనీకి అక్కడి రెగ్యులేటర్ ఓఎస్ఎఫ్ఐ అనుమతి ఉండాలి, ఆ కంపెనీ కెనడాలో చేసే వ్యాపారం కిందే ఆ పాలసీ ఇచ్చి ఉండాలి. ఇక్కడ ఆన్‌లైన్‌లో అయిదు నిమిషాల్లో కొనే ట్రావెల్ పాలసీ అందులోకి రాదు. నాన్నలాంటి వాళ్ళకి ప్లాంట్ మెడిక్లెయిమ్ ఉన్నా అది అక్కడ పనికిరాదు, ఆరోగ్యశ్రీ సంగతి చెప్పక్కర్లేదు.

చదువుకి వెళ్ళే పిల్లల లెక్క వేరు, అది క్లుప్తంగా చెప్తాను. యూకే అయితే పాలసీ ఏదీ కొననక్కర్లేదు, వీసా ఫీజుతో పాటే హెల్త్ సర్‌చార్జ్ కట్టించుకుంటారు, 2024 ఫిబ్రవరి నుంచి స్టూడెంట్‌కి ఏడాదికి 776 పౌండ్లు, మామూలు ఏడాది మాస్టర్స్‌కి వీసా ఏడాది దాటి ఇస్తారు కాబట్టి 1,164 పౌండ్లు పడుతుంది, లోన్ లెక్క వేసేటప్పుడే ఇది కలుపుకోండి. ఆస్ట్రేలియాకి ఓఎస్‌హెచ్‌సీ అనే విదేశీ స్టూడెంట్ల హెల్త్ పాలసీ కావాలి, వీసా ఉన్నన్నాళ్ళూ అది ఉండాల్సిందే. జర్మనీ దగ్గర మాత్రం జాగ్రత్త, 30 ఏళ్ళలోపు వాళ్ళకి అక్కడి పబ్లిక్ ఇన్సూరెన్స్ స్టూడెంట్ రేటుకి వస్తుంది, చవగ్గా ఉందని ముందే ప్రైవేట్‌కి వెళ్ళిపోయి పబ్లిక్ నుంచి మినహాయింపు రాయించుకుంటే చదువు అయ్యేదాకా వెనక్కి రాలేరు. మా ఊళ్ళో కన్సల్టెన్సీల్లో ఈ ముక్క చెప్పేవాళ్ళు తక్కువ. ప్రయాణం రోజు నుంచి పబ్లిక్ ఇన్సూరెన్స్ మొదలయ్యే దాకా మధ్యలో ట్రావెల్ కవర్ విడిగా కావాలి.

మళ్ళీ పెద్దవాళ్ళ దగ్గరికొస్తే, డిడక్టబుల్ అని ఒకటుంటుంది, మొదటి వెయ్యి డాలర్లు మేం పెట్టుకుంటాం అంటే ప్రీమియం తగ్గుతుంది. చిన్నచిన్న జ్వరాలకి పిల్లలు చేతి నుంచి పెట్టుకోగలరు కాబట్టి మేం అదే తీసుకున్నాం, నా అభిప్రాయంలో డబ్బు తగ్గించుకోవాలంటే అదే సరైన చోటు, స్టెబిలిటీ రోజుల దగ్గర మాత్రం పీనాసితనం వద్దు. వీసా రిజెక్ట్ అయితే లెటర్ చూపిస్తే మామూలుగా డబ్బు తిరిగిస్తారు, ప్రయాణం వెనక్కి జరిగితే స్టార్ట్ డేట్ కూడా మార్చుకోవచ్చు, కానీ ఆ తేదీ రాకముందే మెయిల్ పెట్టాలి. తేదీ మార్చినప్పుడల్లా స్టెబిలిటీ రోజులు కూడా కొత్త తేదీ నుంచే వెనక్కి లెక్కేస్తారు, ఈలోపు మందు ఏమన్నా మారి ఉంటే మళ్ళీ చూసుకోండి.

ఉండటానికి అయిదేళ్ళు ఇచ్చినా వీసా కోసం అడిగేది ఏడాది పాలసీనే, ఆ ఏడాది అయ్యాక రెన్యువల్ ఎవరూ గుర్తుచెయ్యరు, పిల్లలే కేలెండర్‌లో పెట్టుకోవాలి. మధ్యలో సంక్రాంతికి వైజాగ్ వచ్చి మళ్ళీ వెళ్ళినా ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసర్ అడిగితే చెల్లే పాలసీ చూపించాలి. ఫోన్లో పీడీఎఫ్ ఉందని సరిపెట్టుకోకండి, ప్రింట్ తీసి పాస్‌పోర్ట్‌తో పాటు హ్యాండ్ బ్యాగ్‌లోనే పెట్టండి, డాక్టర్ చీటీ, మందులూ కూడా అందులోనే, ఆ చీటీలో జెనరిక్ పేరు రాయించండి, మన బ్రాండ్ పేర్లు అక్కడి ఫార్మసీ వాళ్ళకి తెలియవు. కంపెనీ ఎమర్జెన్సీ నంబర్ అక్కడున్న పిల్లల ఫోన్లో సేవ్ చేసి ఉండాలి, చాలా పాలసీల్లో హాస్పిటల్‌కి వెళ్ళే ముందో, వీలుకాకపోతే చేరిన వెంటనేనో ఆ నంబర్‌కి చెప్పాలని ఉంటుంది, చెప్పకపోతే బిల్లులో కొంత మాత్రమే ఇస్తారు.