బయటి స్క్రిప్టు ముగిసేదాకా ఆగడం

ఒక పైథాన్ ప్రోగ్రాం రాత్రిపూట షెల్ స్క్రిప్టును పిలిచి డేటాబేస్ బ్యాకప్ తీయిస్తుందని, అది ముగిశాక ఆ ఫైలును మరో సర్వర్‌కు పంపుతుందని అనుకుందాం. చూడడానికి రెండు వరుసల కోడ్. కానీ ఎంతో జాగ్రత్తగా రాసిన ప్రోగ్రాములు కూడా ఆ రెండు వరుసల మధ్యనే ఇరుక్కుపోతుంటాయి కాబట్టి, దీని గురించి కాస్త వివరంగా రాయాలనిపించింది.

అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పైపు, అంటే ఒక ప్రోగ్రాం అవుట్‌పుట్‌ను మరో ప్రోగ్రాంకు చేరవేసే దారి. స్క్రిప్టు అవుట్‌పుట్ మనకు కావాలని, బయటి ప్రోగ్రాములను నడపడానికి పైథాన్‌లో ఉన్న పోపెన్‌కు పైపు ఇచ్చి, వెంటనే స్క్రిప్టు ముగిసేదాకా ఆగే వెయిట్‌ను పిలుస్తాం. లినక్స్‌లో మామూలుగా ఒక పైపులో పట్టేది 65,536 బైట్లు మాత్రమే. అది నిండగానే, ఎవరైనా అవతలి నుంచి చదివేవరకు ఆపరేటింగ్ సిస్టం కెర్నల్ ఆ స్క్రిప్టును రైట్ కాల్ దగ్గరే ఆపేస్తుంది. మన ప్రోగ్రామేమో స్క్రిప్టు ముగిశాకే చదువుదామని కూర్చుంటుంది. ఎర్రర్ రాదు, సీపీయూ వాడకం కనిపించదు, లాగ్‌లో ఒక్క వరుసైనా పడదు. ప్రోగ్రాం కెర్నల్‌ను పిలిచే కాల్స్‌ను చూపే స్ట్రేస్ పెట్టి చూస్తే మాత్రం స్క్రిప్టు రైట్ దగ్గర, ప్రోగ్రాం వెయిట్4 (వెయిట్ లోపల జరిగే కాల్) దగ్గర ఆగి ఉండడం స్పష్టంగా కనిపిస్తుంది. పరీక్షించేటప్పుడు డేటా తక్కువ, అవుట్‌పుట్ కూడా తక్కువ కనుక అంతా సవ్యంగానే నడుస్తుంది; అసలు డేటా మీద నడిపిన రోజునే ఈ ముడి బిగుసుకుంటుంది. అందుకే వెయిట్ బదులు, ఆగుతూనే చదివే కమ్యూనికేట్‌ను గానీ, 3.5 వెర్షన్ నుంచి ఉన్న సబ్‌ప్రాసెస్ రన్‌ను గానీ వాడాలి. అవుట్‌పుట్ మరీ పెద్దదైతే నేరుగా ఫైలులోకి మళ్లించడమే మేలని నా అభిప్రాయం. జావాలో వెయిట్‌ఫర్ పిలిచేవారికీ ఇదే చిక్కు ఎదురవుతుంది.

ఇన్‌పుట్ సంగతి చిన్నదే. పాత ఫైలును చెరిపేయమంటారా అని స్క్రిప్టులోని ఏదో ఒక కమాండ్ అడిగితే, జవాబు చెప్పేవారు లేక అది తెల్లవారేదాకా అలాగే ఉంటుంది. స్టాండర్డ్ ఇన్‌పుట్‌కు డెవ్‌నల్, అంటే ఖాళీ ఇన్‌పుట్, ఇస్తే సరిపోతుంది.

స్క్రిప్టు ముగిసినంత మాత్రాన పని జరిగినట్టు కాదు. స్క్రిప్టు ముగుస్తూ ఇచ్చే ఎగ్జిట్ కోడ్ 0 (అంటే సఫలం) కాకపోతే ప్రోగ్రాం అక్కడే ఆగిపోయేలా రన్‌కు చెక్ అనే ఆర్గ్యుమెంట్ ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. అయితే మన బ్యాకప్ స్క్రిప్టులో డేటాబేస్‌ను బయటికి తీసే డంప్ కమాండ్ అవుట్‌పుట్ పైపు గుండా, దాన్ని కుదించే జీజిప్‌కు వెళ్తుంటే, షెల్ మనకు చెప్పేది చివరి కమాండ్ ఫలితమే. డంప్ విఫలమైనా జీజిప్ ఖాళీ ఫైలును చక్కగా కుదించి 0 అంటుంది, మన ప్రోగ్రాం దాన్ని నమ్మి ఆ ఫైలును పంపేస్తుంది. అవసరం పడి ఆ బ్యాకప్ తెరిచేదాకా ఎవరికీ తెలియదు. బ్యాష్ షెల్ స్క్రిప్టు మొదట్లో, పైపులోని ఏ కమాండ్ విఫలమైనా విఫలమనే చెప్పించే పైప్‌ఫెయిల్ సెట్ చేయనిదే అలాంటి స్క్రిప్టు చెప్పే 0ను నేను లెక్కలోకి తీసుకోను.

స్క్రిప్టు లోపల ఏదైనా కమాండ్‌ను యాంపర్‌శాండ్ (&) గుర్తుతో వెనక నడవమని వదిలేస్తే, స్క్రిప్టు ముగిసినా ఆ పని ఇంకా నడుస్తూనే ఉంటుంది. అంతేకాక ఆ కమాండ్ మన పైపును వారసత్వంగా పట్టుకుని ఉంటుంది కాబట్టి, పైపు మూసుకునేదాకా చదివే కమ్యూనికేట్ కూడా కదలదు. ఆ స్క్రిప్టు మన చేతిలో ఉన్నదైతే, దాని చివర షెల్ కమాండ్ అయిన వెయిట్ రాసి, వెనక నడిచేవన్నీ ముగిశాకే బయటికి రమ్మనడం మంచిది.

ఇక గడువు. రన్‌కు టైమవుట్ ఇస్తే, అది దాటగానే పైథాన్ స్క్రిప్టును చంపేస్తుంది, కానీ ఆ స్క్రిప్టు పుట్టించిన ప్రాసెస్‌లను చంపదు. గడువు తీరిందని మనం మళ్లీ ప్రయత్నిస్తే, పాత డంప్, కొత్త డంప్ ఒకే ఫైలులోకి రాస్తూ ఉండవచ్చు. దీనికి పోపెన్‌తో స్క్రిప్టును మొదలుపెట్టేటప్పుడే, దాన్నీ అది పుట్టించే ప్రాసెస్‌లనూ వేరే గుంపుగా ఉంచే స్టార్ట్ న్యూ సెషన్ ఇచ్చి, గడువు దాటాక కిల్‌పీజీ అనే ఫంక్షన్‌తో ఆ గుంపు మొత్తానికీ సిగ్నల్ పంపి, అప్పుడు మరోసారి వెయిట్ పిలిచి, అది తిరిగి వచ్చాకే రెండో ప్రయత్నం మొదలుపెట్టాలి.